చూసుకున్న ఫ్లాట్ చేజారిందా? ఇక్కణ్నుంచి ఏం చేయాలంటే

మియాపూర్‌లో ఫ్లాట్ నచ్చింది. రేటు దగ్గరికొచ్చింది. ఊళ్లోంచి అమ్మానాన్నలు వచ్చి చూసి సరేనన్నారు. పిల్లల మంచం ఏ గోడవైపు వేయాలో కూడా అనుకున్నారు. మంచిరోజు చూసుకుని గురువారం టోకెన్ (ఇల్లు మనకోసం ఆపమని ఇచ్చే చిన్న అడ్వాన్స్) ఇద్దామనుకుంటే, మంగళవారం పొద్దున్నే బ్రోకర్ ఫోన్: “సారీ సార్, ఓనర్ రాత్రే వేరేవాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసేసుకున్నాడంట.”

మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు ఇలాంటి ఫోన్ రావడం మామూలే. పెద్దవాళ్లు “మనకు రాసిపెట్టి లేదులే” అని ఓదారుస్తారు. ఆ పూటకు ఆ మాట మంచిదే. కానీ చాలా ఇళ్లు చేజారేది నోటిమాట అయ్యాక కాగితం పడేలోగా గడిచిపోయే వారం పది రోజుల్లోనే. ఆ గడువును రెండు మూడు రోజులకు ఎలా కుదించుకోవాలో, ఇచ్చిన డబ్బు ఇరుక్కుంటే ఎలా రాబట్టుకోవాలో చూద్దాం. ఉదాహరణలు హైదరాబాద్ రీసేల్ ఫ్లాట్లవి, అంటే బిల్డర్ దగ్గర కాకుండా ఓనర్ దగ్గర కొనేవి. విజయవాడలోనో విశాఖలోనో కొనేవాళ్లకు వెబ్‌సైట్లు మారతాయి కానీ పని దాదాపు ఇదే.

1. ఆ వారం ఎవరికీ టోకెన్ ఇవ్వకండి

పోయిన ఫ్లాట్ వార్త చెప్పిన బ్రోకరే సాయంత్రానికి ఇంకోటి చూపిస్తాడు. “ఇది కూడా రెండ్రోజుల్లో వెళ్లిపోతుంది సార్” అంటాడు. అది నిజమే కావచ్చు కూడా. అయినా ఆగండి. ఒకటి పోయిన కసితో కొన్న రెండో ఇంట్లోనే అసలు తప్పులు జరుగుతాయి: ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) చూడరు, రేటు అడగరు, పార్కింగ్ ఎక్కడో కూడా అడగరు.

ఓనర్‌కి ఫోన్ చేసి “మేం ఇంకో 3 లక్షలు ఎక్కువిస్తాం, వాళ్లకి తిరిగిచ్చేయండి” అనాలనిపిస్తుంది. అనకండి. 3 లక్షలకు వాళ్ల మాట తప్పినవాడు 5 లక్షలకు మీ మాట తప్పుతాడు. పైగా ఆ మొదటివాళ్లు నోటీసు పంపితే ఆ గొడవలోకి మీరూ వెళ్తారు.

దానికి బదులు మర్యాదగా ఒక్క మాట చెప్పి పెట్టండి: “పర్లేదండీ. ఆ బేరం ఏ కారణంతోనైనా ఆగితే ముందు మాకు ఒక్క ఫోన్ చేయండి. మా లోన్ రెడీగా ఉంది.” ఇదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి. దీని అవసరం చివర్లో వస్తుంది.

ఇంట్లో భార్యాభర్తల మధ్య “నువ్వు ఆ ఆదివారం పెళ్లికి వెళ్దామనకపోతే” అనే వాదన మొదలవుతుంది. దాన్ని తెల్లకాగితం మీదికి మార్చండి. ఏ తేదీన చూశాం, ఎప్పుడు రేటు కుదిరింది, ఏ రోజు దేనికోసం ఆగాం అని వరసగా రాస్తే ఎవరిమీదా నింద అక్కర్లేకుండానే కారణం కనిపిస్తుంది. ఆ కాగితం తర్వాతి మెట్టుకు కావాలి.

2. ఎలా పోయిందో తేల్చుకోండి

పోవడాలన్నీ ఒక రకం కావు. ఏ రకమో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది.

టోకెన్ ఇవ్వకముందే వేరేవాళ్లు తీసుకుంటే, చట్టప్రకారం మీ చేతిలో ఏమీ లేదు. నోటిమాట బేరాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లినా నిరూపించడం చాలా కష్టం. దాన్ని వదిలేసి నాలుగో మెట్టుకు వెళ్లండి.

టోకెన్ తీసుకున్నాక ఓనర్ వెనక్కి తగ్గితే డబ్బు సంగతి, కొన్నిసార్లు ఇంటి సంగతి కూడా మిగిలే ఉంది. మూడో మెట్టు మీకోసమే.

లోన్ రాకో, తక్కువొచ్చో మీరే తప్పుకోవాల్సి వస్తే, ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కి వస్తుందా రాదా అన్నది మీరు రాసుకున్న కాగితం మీద ఆధారపడుతుంది.

ఇక కాగితాలు సరిగా లేవని బ్యాంకు లాయర్ వద్దన్న ఇల్లు. చాలామంది దీన్ని కూడా పోగొట్టుకున్నట్టే చెప్పుకుని బాధపడతారు. అనుమతి లేకుండా లేచిన పై అంతస్తో, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) పరిధిలో పడిన స్థలమో, సంతకం పెట్టని ఆడపడుచో ఉన్న ఇల్లు చేతికి రాకపోతే స్వీట్లు పంచుకోవాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పాటయ్యాక చెరువుల పక్కన కొన్నవాళ్లు పడ్డ ఆందోళన చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

3. ఇచ్చిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడం

ముందు మీ దగ్గరున్న ఆధారాలన్నీ ఒకచోట పెట్టండి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వివరాలు, యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ మొత్తం (ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకోండి, ఫోన్ పోతే పోకూడదు), రసీదు, అగ్రిమెంట్ ఫొటోలు. ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నా వెంటనే మెసేజ్‌గా పెట్టండి: “ఇప్పుడు మీరు ఫోన్‌లో ఫ్లాట్ అమ్మడం లేదని చెప్పారు. మేం 12వ తేదీన ఇచ్చిన 2 లక్షలు ఈ నెల 30 లోపు అదే అకౌంట్‌కి పంపగలరు.” ఆయన “సరే” అని ఒక్క మాట రాసినా అది పనికొస్తుంది.

నగదుగా ఇచ్చి ఉంటే కష్టం పెరుగుతుంది. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదుగా అడ్వాన్స్ తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. కాబట్టి ఓనర్ తీసుకున్నానని ఒప్పుకోడు, మీరు ఇచ్చానని గట్టిగా అనలేరు. నగదు వెళ్లింది బ్రోకర్ చేతుల మీదుగా అయితే ఓనర్, బ్రోకర్ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడగడం తప్ప తొలిరోజు వేరే దారి లేదు.

గడువులోపు రాకపోతే లాయర్ నోటీసు. స్పీడ్ పోస్ట్‌లో, అందినట్టు రసీదు వచ్చేలా పంపించండి. చాలా వ్యవహారాలు ఇక్కడితోనే తెగిపోతాయి, ఎందుకంటే నోటీసు ఉన్న ఇంటిని ఇంకొకరికి అమ్మడం ఓనర్‌కీ తలనొప్పే.

నోటీసులో మీ బలాలు రెండు ఉంటాయి. కొనేవారు తనంతట తాను అన్యాయంగా తప్పుకోనంతవరకు, ముందుగా చెల్లించిన సొమ్ముకు ఆ ఆస్తి మీదే చార్జ్ ఉంటుందని, అంటే ఆ సొమ్ముకు ఆస్తే హామీ అని, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. రెండోది, అగ్రిమెంట్ ఉంటే దాన్ని అమలు చేయమని అడిగే హక్కు. 2018 సవరణ తర్వాత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఈ హక్కు ఇదివరకటికంటే గట్టిపడింది. అగ్రిమెంట్‌లో రాసుకున్న తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. తేదీ రాసుకోకపోతే, ఆయన ఇవ్వనన్నాడని మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. డబ్బు సిద్ధంగా ఉందని, కొనడానికి మీరు మొదట్నుంచీ తయారుగానే ఉన్నారని మీరే చూపించాలి. ఇంత లోన్ ఇస్తామని బ్యాంకు రాసిచ్చే శాంక్షన్ లెటర్ (ఐదో మెట్టులో చూడండి) ఇక్కడ కూడా అక్కరకొస్తుంది. దావాలో ఇల్లు రిజిస్టర్ చేయమని అడగడంతో పాటు “కుదరకపోతే అడ్వాన్స్ వాపసు ఇప్పించండి” అని కూడా అడగాలి. అడగని వాపసును కోర్టు ఇవ్వదు. మీ లాయర్ డ్రాఫ్ట్‌లో ఆ వాక్యం ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

కోర్టుకు వెళ్లాలా వద్దా? నా లెక్క ఇది. ఇచ్చింది లక్షో రెండు లక్షలో అయి, చేతిలో రసీదు మాత్రమే ఉంటే ఇంటికోసం దావా వేయకండి. ఇలాంటి దావాలో కోర్టు ఫీజు మొత్తం అమ్మకం ధర మీద పడుతుంది, ఏళ్లు పడుతుంది, ఈలోగా మీరు అద్దె కడుతూనే ఉంటారు. డబ్బు మటుకు రాబట్టుకోండి. అందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ పిలిపించి రాజీ కుదిర్చే వీలుంది. అక్కడ కుదిరిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం. ఇరవై ముప్పై లక్షలు కట్టి, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ కూడా ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు సివిల్ లాయర్ దగ్గరికి ఆ వారంలోనే వెళ్లండి.

ఓనర్ చెక్కు ఇస్తే సంతోషించి ఇంట్లో పెట్టుకోకండి, వెంటనే వేయండి. బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక ఆయనకు 15 రోజులు గడువు, అప్పటికీ కట్టకపోతే ఆ గడువు ముగిశాక ఒక నెల లోపు కోర్టులో ఫిర్యాదు. ఈ తేదీల్లో ఒక్కటి దాటినా చేతిలో ఉన్న ఆయుధం మొద్దుబారుతుంది.

తప్పుకుంది మీరే అయితే? కాగితంలో ఏ పేరుతో డబ్బు ఇచ్చారో చూడండి. మాట నిలబెట్టుకుంటామన్న హామీగా ఇచ్చిన బయానాను ఓనర్ ఉంచేసుకోవచ్చు. ధరలో భాగంగా ఇచ్చిన సొమ్మును అలా ఉంచుకోవడానికి లేదు. సతీశ్ బత్రా కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. కాగితంలో ఏమీ రాయకపోతే బేరం ఆడటానికి మీకు చోటుంది. “మా వల్ల మీకు ఒక నెల పోయింది, పాతిక వేలు ఉంచుకుని మిగతాది ఇవ్వండి” అంటే ఒప్పుకునే ఓనర్లు ఉన్నారు.

4. చేతిలో ఎంత ఉండాలో ఈసారి సరిగ్గా లెక్కేయండి

“ఫ్లాట్ 80 లక్షలు, బ్యాంకు 80 శాతం ఇస్తుంది, మన దగ్గర 16 ఉంటే చాలు.” ఈ లెక్కతో వెతకడం మొదలుపెట్టినవాళ్లే ఎక్కువగా ఇల్లు పోగొట్టుకుంటారు.

ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి 80 శాతం దాకా, 75 లక్షలు దాటిన లోన్‌కి 75 శాతం దాకా బ్యాంకు ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంతే, ఇస్తుందని కాదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలో కలవవు (10 లక్షల లోపు ఇళ్లకు తప్ప).

80 లక్షల ఫ్లాట్‌కి మీ వాటా 16 లక్షలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కి మొత్తం 7.5 శాతం, అంటే 6 లక్షలు. (ఆంధ్రాలో కూడా అన్నీ కలిపి 7.5 శాతమే.) బ్రోకర్‌కి 1 శాతం అనుకున్నా 80 వేలు. లోన్ ప్రాసెసింగ్, లాయర్, సొసైటీ ట్రాన్స్‌ఫర్ ఫీజు, రంగులు, కప్‌బోర్డులు కలిపితే 24 లక్షల దగ్గర తేలుతుంది.

ఇప్పుడు అసలు దెబ్బ. బ్యాంకు పంపిన వాల్యుయర్ వచ్చి “ఈ ఫ్లాట్ 74 లక్షలే చేస్తుంది” అన్నాడనుకోండి. అగ్రిమెంట్ ధర, వాల్యుయేషన్ రెండింట్లో ఏది తక్కువైతే దానిమీదే బ్యాంకు లెక్క కడుతుంది. 74లో 80 శాతం 59 లక్షల 20 వేలు. ఒక్క సాయంత్రంలో మీరు ఇంకో 4 లక్షల 80 వేలు తేవాలి. చాలా బేరాలు తెగేది ఇక్కడే, అప్పటికి టోకెన్ ఇచ్చేసి ఉంటారు. అందుకే 29 లక్షలు కళ్లెదుట కనిపించేదాకా 80 లక్షల ఫ్లాట్లు చూడొద్దు, 70 లక్షలవి చూడండి. బంగారం, పీఎఫ్, నాన్నగారి ఎఫ్‌డీ లెక్కలోకి వస్తే, అవి ఎన్ని రోజుల్లో చేతికొస్తాయో కూడా పక్కనే రాయండి. “అన్నయ్య సర్దుతానన్నాడు” అనేది లెక్కలోకి రావాలంటే అన్నయ్యతో, వీలైతే వదినతో కూడా తేదీ మాట్లాడుకుని ఉండాలి.

కారు ఈఎంఐ గురించి ఒక మాట. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల హోమ్‌లోన్ తీసుకుంటే లక్షకు నెలకు దాదాపు 868 రూపాయలు పడుతుంది. నెలకు 15 వేల కారు వాయిదా ఉందంటే, అది మీకు రావాల్సిన హోమ్‌లోన్‌లో 17 లక్షలు మింగేసినట్టే. వీలైతే ఆ లోన్ తీర్చేసి తర్వాత అప్లై చేయండి.

50 లక్షలు, ఆ పైన ఉన్న ఆస్తి కొంటే ధరలో 1 శాతం టీడీఎస్ (అమ్మినవారి పన్ను కింద ముందే కోసే మొత్తం) మీరే కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఇది అదనపు ఖర్చేమీ కాదు, ఓనర్‌కి వెళ్లేదాంట్లోంచే పోతుంది. కానీ ఆయనకు ముందే చెప్పండి. రిజిస్ట్రేషన్ రోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద “ఈ 80 వేలు ఎందుకు తక్కువయ్యాయి” అని గొడవపడటం ఎవరికీ బాగుండదు.

ఓనర్ డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటే సంగతి వేరు. ఎన్నారై అమ్మకందారుకు ఈ 1 శాతం వర్తించదు, కోయాల్సింది చాలా ఎక్కువ. ఆయన ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, దానికి టైం పడుతుంది. “మా తమ్ముడికి జీపీఏ ఇచ్చాను, అంతా వాడే చూసుకుంటాడు” (జీపీఏ అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) అనే మాటతో మొదలై పన్ను దగ్గర ఆగిపోయే బేరాలు మన వైపు చాలానే. ఫ్లాట్ చూసిన రోజే “ఓనర్ ఎక్కడుంటారు, జీపీఏ రిజిస్టర్ అయిందా” అని అడగండి.

5. లోన్ కాగితం చేతిలో పెట్టుకుని ఇల్లు వెతకండి

బ్యాంకులు ఇల్లు ఖరారు కాకముందే మీ జీతం, క్రెడిట్ స్కోరు చూసి ఇంత ఇస్తామని శాంక్షన్ లెటర్ ఇస్తాయి. ఇది కొన్ని నెలలు చెల్లుతుంది. ఎంత కాలమో లెటర్ మీదే ఉంటుంది. దీనికి ముందు మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి, ఏడాదికోసారి ఉచితం. ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డు మీద 300 రూపాయలు బాకీ చూపిస్తుంటుంది. అలాంటివి సరిచేయడానికే నెల పడుతుంది. అడిగిన ప్రతి బ్యాంకులోనూ అప్లికేషన్ పెడితే స్కోరు తగ్గుతుంది. రెండు చోట్ల చాలు.

ఈ లెటర్ వల్ల రెండు లాభాలు. ఓనర్ దగ్గర మీ మాటకు బరువు వస్తుంది. ఇద్దరు ఒకే రేటు చెప్పినప్పుడు లోన్ రెడీగా ఉన్నవాళ్లవైపే ఆయన మొగ్గుతాడు. రెండోది, మీ చేతిలో ఎంతవరకు ఉందో మీకే తెలుస్తుంది, బేరంలో గొంతు తడబడదు.

6. కాగితాలు చూసే పని ముందే మొదలుపెట్టండి

ఫ్లాట్ నచ్చిన రోజు సాయంత్రమే ఓనర్‌ని సేల్ డీడ్ జిరాక్సు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు ఆస్తి చేతులు మారిన పాత కాగితాలు), అనుమతి ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు అడగండి. ఇవ్వడానికి నసిగే ఓనర్ దగ్గర ఒక్క రూపాయి కూడా పెట్టకండి. “టోకెన్ ఇస్తే కాగితాలు చూపిస్తాం” అనేది బ్రోకర్ల పాత పాట.

ఇంట్లో కూర్చునే మీరు చేయగలిగినవి ఇవి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ చూడండి, 1983 నుంచి ఉన్న లావాదేవీలు కనిపిస్తాయి. అదే సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. ఈ-కోర్ట్స్ సైట్‌లో ఓనర్ పేరుతో కేసులున్నాయేమో వెతకండి. కొంచెం ఫీజు కడితే సెర్సాయ్‌ (తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) సైట్‌లో ఆ ఆస్తి ఏ బ్యాంకులోనైనా తాకట్టులో ఉందేమో తెలుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఈసీ శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఇంకెవరూ అడ్వాన్స్ ఇవ్వలేదని కాదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు ఈసీలో కనిపించవు.

సేల్ డీడ్‌లో ఓనర్‌కి ఆస్తి ఎలా వచ్చిందో చదవండి. సొంతంగా కొన్నదైతే సులువు. తండ్రి పోయాక వచ్చినదైతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం పెడతారా అని నేరుగా అడగండి. “మా చెల్లెలు మా మాట కాదనదండీ” అంటే, ఆ చెల్లెలుగారిని ఒకసారి కలుస్తామనండి.

ఓనర్‌కి ఆ ఫ్లాట్ మీద లోన్ ఉంటే భయపడక్కర్లేదు, కానీ టైం లెక్కలోకి తీసుకోండి. ఒరిజినల్ కాగితాలు ఆయన బ్యాంకులో ఉంటాయి. బాకీ ఎంతో లెటర్, కాగితాల జాబితా తెప్పించి మీ బ్యాంకుకి ఇవ్వాలి, మీ బ్యాంకు ఆ బాకీ కట్టి కాగితాలు తీసుకోవాలి. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లోపు ఒరిజినల్స్ ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు 5 వేలు పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబర్ నుంచి ఆర్‌బీఐ రూలుంది. దాన్ని ఓనర్‌కి గుర్తుచేయండి, బ్రాంచిలో అడగాల్సింది ఆయనే.

7. టోకెన్ ఇస్తే రసీదుతోనే

ఫ్లాట్ ఆగడానికి టోకెన్ కావాలి, సరే. 50 వేలో లక్షో, అంతకు మించి వద్దు. ఓనర్ అకౌంట్‌కే నేరుగా పంపండి, బ్రోకర్ అకౌంట్‌కి వద్దు. ఇద్దరు ఓనర్లుంటే ఇద్దరి సంతకాలూ తీసుకోండి. రసీదు ఇలా రాయించుకోవచ్చు:

“ఫలానా అపార్ట్‌మెంట్‌లో ఫలానా నంబరు ఫ్లాట్‌ను, ఫలానా పార్కింగ్‌తో, విడదీయని వాటా ఇన్ని గజాల స్థలంతో సహా మొత్తం 80 లక్షలకు శ్రీ / శ్రీమతి ఫలానా వారికి అమ్మడానికి ఒప్పుకుని, ఈ రోజు బ్యాంకు ద్వారా లక్ష రూపాయలు ధరలో భాగంగా తీసుకున్నాను. ఫలానా తేదీ లోపు అమ్మకం అగ్రిమెంట్ రాసుకుంటాం. అప్పటివరకు ఈ ఫ్లాట్‌ను మరెవరికీ అమ్మను, అడ్వాన్స్ తీసుకోను. కాగితాల్లో లోపం ఉందని కొనేవారి లాయర్ గాని బ్యాంకు గాని లిఖితపూర్వకంగా చెప్పినా, బ్యాంకు లోన్ మంజూరు కాకపోయినా, తీసుకున్న సొమ్ము మొత్తం 7 రోజుల్లో తిరిగి ఇస్తాను. నేను వెనక్కి తగ్గితే ఆ సొమ్ముతో పాటు మరో లక్ష పరిహారంగా ఇస్తాను.”

చివరి వాక్యానికి ఓనర్ ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే దాన్ని వదిలేయండి. లోన్, కాగితాలకు సంబంధించిన వాక్యం మటుకు వదలొద్దు. చేతిరాత అయినా ఫర్వాలేదు, ఫొటో తీసి వాట్సాప్‌లో “అందింది” అనిపించుకోండి.

పెద్ద మొత్తం, అంటే ధరలో పదో వంతు లాంటిది, అగ్రిమెంట్ తర్వాతే. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని ఊరుకోవడం మనకు అలవాటు. గడువు రెండు మూడు నెలలుండి, ఇచ్చేది లక్షల్లో ఉంటే అగ్రిమెంట్‌ను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణతో అమ్మకం అగ్రిమెంట్లను కూడా రిజిస్టర్ చేయాల్సిన పత్రాల్లో చేర్చారు. చట్టం సంగతి అలా ఉంచి, దీనివల్ల మీకొచ్చే లాభం చూడండి: మీ పేరు ఈసీలో కనిపిస్తుంది. తర్వాత వచ్చిన కొనుగోలుదారు బ్యాంకు లాయర్ దాన్ని చూసి అక్కడే ఆగిపోతాడు.

8. వాస్తు, ముహూర్తం, పెద్దల మాట: వరస మార్చండి

ఇవి మానేయమని ఎవరూ చెప్పలేరు, చెప్పినా మన ఇళ్లల్లో జరగదు. వరస మార్చుకుంటే చాలు. తూర్పు వాకిలి కావాలా, ఆగ్నేయంలో వంటిల్లు తప్పనిసరా అన్నది వెతకడానికి ముందే వాస్తు చూసేవారితో కూర్చుని రాసుకోండి. ఫ్లాట్ చూడటానికి వెళ్లిన మొదటి రోజే ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూసుకోండి. ప్లాన్ ఫొటో ఆ సాయంత్రమే ఆయనకు పంపండి. ఆయన వచ్చే ఆదివారం ఖాళీ చేసుకుని వచ్చేదాకా ఆగితే ఇల్లు ఆగదు.

ముహూర్తం కూడా అంతే. టోకెన్ ఏ రోజైనా ఇచ్చేయండి, మంచి రోజు చూసి అగ్రిమెంట్, రిజిస్ట్రేషన్, గృహప్రవేశం చేసుకోండి. మూఢంలో, ఆషాఢంలో కొనేవాళ్లు వాయిదా వేసుకుంటారు గనక, పట్టింపు లేనివాళ్లకు బేరమాడటానికి అదే అదను. ఇంట్లో ఆఖరి మాట ఎవరిదో ముందే తేల్చుకుని, వాళ్లు మొదటిసారి చూసినప్పుడే మీతో ఉండేలా చూడండి. మామగారు మూడో వారంలో వచ్చి “పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉందిగా” అంటే అప్పటికి ఎవరూ ఏమీ చేయలేరు.

9. మళ్లీ వెతకడం

పోయిన ఫ్లాట్ ఉన్న అపార్ట్‌మెంట్‌లోనే ముందు వెతకండి. వాచ్‌మన్‌కి మీ నంబరు ఇవ్వండి, సొసైటీ సెక్రటరీని కలవండి. ప్రకటన పెట్టకముందే ఖాళీ అయ్యే ఫ్లాట్ల సంగతి వీళ్లకు తెలుస్తుంది. కాగితాలు ఒకసారి చూసేశారు కాబట్టి అదే బిల్డింగ్‌లో రెండో ఫ్లాట్‌కి సగం పని తగ్గుతుంది.

ఈ దశలోనే ఎవరో ఒకరు ప్రీలాంచ్ ఆఫర్ (ప్రాజెక్టు ఇంకా మొదలుకాకముందే అమ్మడం) తెస్తారు. రీసేల్ కంటే సగం రేటు, మొత్తం ఒకేసారి కట్టాలి అంటారు. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కాని ప్రాజెక్టును అమ్మడం, ప్రకటించడం కూడా 2016 రెరా చట్టం ప్రకారం తప్పు (500 చదరపు మీటర్ల లోపు స్థలం, లేదా 8 లోపు ఫ్లాట్లు ఉన్న చిన్న ప్రాజెక్టులకు మినహాయింపు ఉంది). నమోదైన ప్రాజెక్టులో కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోవడానికి బిల్డర్‌కి వీల్లేదు. రెరా నంబరు అడిగితే “అప్లై చేశాం సార్, వస్తుంది” అంటే, వచ్చాక మాట్లాడదామని చెప్పి లేచి రండి. మాట ప్రకారం ఫ్లాట్ ఇవ్వకపోతే వడ్డీతో వాపసు అడిగే హక్కు రెరా ఇస్తుంది, కానీ అది బిల్డర్ల మీద. రీసేల్ ఓనర్ మీద రెరాకి వెళ్లడం కుదరదు.

మొదటి మెట్టులో ఓనర్‌కి పెట్టమన్న మెసేజ్ గుర్తుంది కదా. మూడు నాలుగు వారాలకు ఒకసారి “ఎలా ఉన్నారండీ, రిజిస్ట్రేషన్ అయిందా” అని పలకరించండి. అవతలివాళ్లకూ బ్యాంకు ఉంటుంది, వాల్యుయర్ ఉంటాడు, మామగారు ఉంటారు. వాళ్ల బేరం ఆగి ఆయనే ఫోన్ చేస్తే పాత రేటుకి వెంటనే తలూపకండి. ఎందుకు ఆగిందో ముందు అడగండి. లోన్ రాక ఆగితే మీకు ఇబ్బంది లేదు. వాళ్ల బ్యాంకు లాయర్ ఏదో పట్టుకున్నాడంటే అది ఏమిటో కాగితం మీద చూపించమనండి. వాళ్ల అడ్వాన్స్ తిరిగిచ్చేశానని రాతపూర్వకంగా, వాళ్ల సంతకంతో రద్దు కాగితం తెమ్మనండి. పాత అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉంటే దాని రద్దు కూడా రిజిస్టర్ కావాలి. ఈసీ కొత్తగా ఆ రోజు తేదీతో మళ్లీ తీయండి. ఇవన్నీ సరిపోయాక, నెలన్నరగా ఫ్లాట్ అమ్ముడుపోక ఓనర్ ఎంత ఇబ్బందిలో ఉన్నాడో చూసుకుని, 80 లక్షల ఫ్లాట్‌కి 78 లక్షల దగ్గర బేరం మొదలుపెట్టండి.